ఆరు కొమ్మలు – నాలుగు మూలలు
(మంచుపువ్వు చదరాలతో క్రిస్మస్ దుప్పటి అల్లే విధానం)

మన వసతిగృహంలో జ్వరం వచ్చినవాళ్ళు పడుకునే గదిలో కిటికీ పక్కన మంచం మీద ఇప్పుడు ఒక నీలం దుప్పటి కనిపిస్తుంది. దానిమీద తెల్లని మంచుపువ్వులు 96 ఉన్నాయి. పోయిన డిసెంబరులో మేమందరం కలిసి అల్లిన దుప్పటి అది. చూసినవాళ్ళంతా "ఎలా అల్లారు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తే అందరికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

అంతకు ముందు ఏడాది చలికాలంలో ఆరో తరగతి చెల్లి ఒకామెకు చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మా రగ్గులు కూడా తెచ్చి కప్పాము. ఆ రాత్రి మేమూ చలికి నిద్రపోలేదు. అప్పుడే అనుకున్నాము, ఆ గదికంటూ ఒక మంచి ఉన్ని దుప్పటి ఉండాలని. సెమీ క్రిస్మస్ నాటికి పూర్తిచేసి ఆ మంచానికి కానుకగా ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. క్రిస్మస్ చేసుకునేవాళ్ళూ, చేసుకోనివాళ్ళూ అందరం సూదులు పట్టుకున్నాము. ఉన్ని మాత్రం ఇక్కడ చదివి వెళ్ళిన ఇద్దరు అక్కలు కొని పంపారు.

సూది మనకు కొత్త కాదు

మనలో చాలామంది ఇళ్ళు నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళవే. మన అమ్మలు, అమ్మమ్మలు వాకిట్లో కూర్చుని లేసు అల్లుతుండగా చూస్తూ పెరిగాము. 1844 ప్రాంతంలో స్కాట్లండు మిషనరీలు ఇక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. మరియా మీస్ అనే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి పరిశీలించి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వెలువరించారు. రోజుకు ఎన్నో గంటలు పనిచేస్తున్నా ఈ స్త్రీలను పనివాళ్ళుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కవేస్తున్నారని ఆమె రాశారు. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ పనిలో ఒకరు పువ్వులే అల్లుతారు. ఇంకొకరు అంచులు వేస్తారు. మరొకరు అతుకుతారు. పువ్వు అల్లిన చేతికి పూర్తయిన వస్తువు కనబడదు, అది ఎవరి ఇంటికి చేరిందో తెలియదు. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఈ దుప్పటి పనిలో చేరిన ప్రతివారూ మొదటి చక్రం నుంచి చివరి అతుకు దాకా అన్ని పనులూ చేయాలి. మేము 24 మందిమి, తలా 4 చదరాలు. మొత్తం 96.

మంచుపువ్వుకు ఆరు కొమ్మలే ఎందుకు?

మనలో ఎవరమూ మంచు కురవడం చూడలేదు. బజారులో దొరికే క్రిస్మస్ అలంకరణల్లో ఎనిమిది కొమ్మల మంచుపువ్వులు కూడా ఉంటాయి. అది బొమ్మ వేసినవారి పొరపాటు. నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఆరు మూలల గళ్ళుగా, తేనెపట్టులాగా అమరుతాయి. ఆ అమరికే పెరిగి కంటికి కనిపించే పువ్వు అవుతుంది కనుక దానికి ఆరు కొమ్మలు వస్తాయి.

ఈ ఆరు ఎందుకు అని 1611లోనే కెప్లర్ ఒక చిన్న పుస్తకం రాశారు. గ్రహాల చలన నియమాలు కనిపెట్టిన కెప్లరే ఆయన. అమెరికాలోని వెర్మాంటులో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి మంచుపువ్వును ఫోటో తీశారు. జీవితకాలంలో 5,000కు పైగా ఫోటోలు తీశారు. ఒక దానిలాగా మరొకటి లేదన్నారు. 1936లో జపానులో నకాయా అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలోనే మంచుపువ్వును పెంచి చూపారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది

పువ్వుకు ఆరు కొమ్మలు. చదరానికి నాలుగు మూలలు. ఆరు కొమ్మల పువ్వు చుట్టూ నాలుగు మూలలు ఎలా తేవాలి? మాకు మొదట అర్థం కాలేదు. లెక్కల పుస్తకమే దారి చూపింది. 6కీ 4కీ ల.సా.గు. ఎంత? 12. కుట్ల సంఖ్య 12తో గాని, 12 గుణిజాలతో గాని నడిస్తే దాన్ని ఆరు భాగాలూ చేయవచ్చు, నాలుగు భాగాలూ చేయవచ్చు. మా చదరంలో మొదటి వరుస 12, రెండోది 24, నాలుగోది 48. ఆ 48ని కొమ్మలవైపు నుంచి చూస్తే ఆరు ఎనిమిదులు, మూలలవైపు నుంచి చూస్తే నాలుగు పన్నెండులు. ఆరో తరగతిలో ల.సా.గు. ఎందుకు నేర్చుకుంటున్నామా అని విసుక్కున్నవాళ్ళం, దాని ఉపయోగం ఇలా తెలుసుకున్నాము.

కావలసినవి

తెలుపు, నీలం ఉన్ని దారాలు (డబుల్ నిట్టింగ్ మందం), 4 మిల్లీమీటర్ల క్రోషా సూది, కత్తెర, మొద్దు మొన గల పెద్ద సూది. లేసుకు వాడే సన్నని నూలు దారం దీనికి పనికిరాదు, వెచ్చదనం రాదు. చదరం 5 అంగుళాలు వస్తుంది. వెడల్పుకు 8, పొడవుకు 12 చదరాలు అతికితే 40 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు గల దుప్పటి అవుతుంది. కిలోకు కాస్త అటూ ఇటుగా ఉన్ని పడుతుంది.

కుట్ల పేర్లు

ఇంగ్లీషు పుస్తకాలతో ఒక ఇబ్బంది ఉంది. అమెరికావాళ్ళు డబుల్ క్రోషే అనే కుట్టునే ఇంగ్లండువాళ్ళు ట్రెబుల్ అంటారు. అందుకని మేము మన పేర్లే పెట్టుకున్నాము.

గొలుసు: సూదికి దారం చుట్టి, సూదిమీద ఉన్న ఉచ్చులోంచి లాగడం.
ముడి కుట్టు: సూది గుచ్చి లాగిన దారాన్ని సూదిమీది ఉచ్చులోంచి కూడా లాగేయడం. వరుస చివర కలపడానికి ఇది.
పొట్టి కుట్టు: గుచ్చి దారం లాగితే సూదిమీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం చుట్టి రెండింటిలోంచి ఒకేసారి లాగాలి.
సగం కుట్టు: ముందే ఒకసారి దారం చుట్టి గుచ్చాలి. మూడు ఉచ్చులు వస్తాయి. మూడింటిలోంచి ఒకేసారి లాగాలి.
పొడుగు కుట్టు: అలాగే మూడు ఉచ్చులు. రెండేసి చొప్పున రెండుసార్లు లాగాలి.
పెద్ద కుట్టు: ముందే రెండుసార్లు దారం చుట్టి గుచ్చాలి. నాలుగు ఉచ్చులు. రెండేసి చొప్పున మూడుసార్లు లాగాలి.

అల్లే విధానం

మొదటి వరుస (తెలుపు): 6 గొలుసులు వేసి ముడి కుట్టుతో చక్రంగా కలపండి. 3 గొలుసులు వేయండి, ఇది ఒక పొడుగు కుట్టుతో సమానం. చక్రంలోకి ఇంకా 11 పొడుగు కుట్లు వేసి కలపండి. మొత్తం 12.

రెండో వరుస: 4 గొలుసులు వేయండి. ఇది ఒక పొడుగు కుట్టు, ఒక గొలుసు కింద లెక్క. తరువాత ప్రతి కుట్టులో ఒక పొడుగు కుట్టు, దాని వెంట ఒక గొలుసు. చివర మొదటి 4 గొలుసుల్లో మూడోదానికి కలపండి. 12 కుట్లు, 12 సందులు రావాలి.

మూడో వరుస: ఇక్కడే కొమ్మలు వస్తాయి. ముడి కుట్టుతో మొదటి సందులోకి జరగండి. ఆ ఒక్క సందులోనే 2 పొడుగు కుట్లు, 2 గొలుసులు, మళ్ళీ 2 పొడుగు కుట్లు వేయండి (మొదటి కుట్టుకు బదులు 3 గొలుసులు). ఇది ఒక కొమ్మ. పక్క సందులో ఒకే ఒక పొట్టి కుట్టు, ఇది లోయ. ఇలా ఒక కొమ్మ, ఒక లోయ చొప్పున చుట్టూ ఆరుసార్లు. కలిపి తెలుపు దారం తెంపండి. మంచుపువ్వు తయారైంది.

నాలుగో వరుస (నీలం): ఒక కొమ్మ చివర ఉన్న 2 గొలుసుల సందులో నీలం దారం కలిపి ఒక పొట్టి కుట్టు వేయండి. 3 గొలుసులు. లోయలోని పొట్టి కుట్టులో ఒక పెద్ద కుట్టు. 3 గొలుసులు. తరువాత కొమ్మ చివర పొట్టి కుట్టు. ఇలా ఆరుసార్లు. ఒక్కో భాగంలో 8, మొత్తం 48. కొమ్మ దగ్గర పొట్టిది, లోయలో పెద్దది వేయడం వల్ల ఎత్తుపల్లాలు సర్దుకుని గుండ్రమవుతుంది.

ఐదో వరుస: గుండ్రం నుంచి చదరం. మొదటి పొట్టి కుట్టులో మూల వేయండి: 2 పెద్ద కుట్లు, 2 గొలుసులు, 2 పెద్ద కుట్లు (మొదటి పెద్ద కుట్టుకు బదులు 4 గొలుసులు). తరువాత వరుసగా 2 పొడుగు, 2 సగం, 3 పొట్టి, 2 సగం, 2 పొడుగు కుట్లు. ఇవి 11. పన్నెండోది మళ్ళీ మూల. 3 గొలుసులు వచ్చినచోట ఆ సందులోకే 3 కుట్లు వేస్తే చాలు. నాలుగు వైపులా ఇంతే. అంచు మధ్యలో పొట్టివి, మూలల దగ్గర ఎత్తైనవి ఉండబట్టే నలుపలకలుగా వస్తుంది.

ఆరో వరుస: ముడి కుట్లతో మూల సందుదాకా జరగండి. ప్రతి మూల సందులో 2 పొడుగు, 2 గొలుసులు, 2 పొడుగు. మిగతా ప్రతి కుట్టులో ఒక పొడుగు కుట్టు. ఒక్కో వైపు 19 కుట్లు రావాలి. దారం తెంపండి.

ఇప్పుడు చదరాన్ని పరికించండి. రెండు ఎదురెదురు మూలలకు కొమ్మలు వస్తాయి, మిగతా రెండు మూలలకు లోయలు వస్తాయి. నాలుగు మూలలూ ఒకేలా ఎప్పటికీ రావు. ఆరును నాలుగుగా చేయడంలో మిగిలిపోయే గుర్తు అది.

మేము చేసిన తప్పులు

మాలో ఒకరు చక్రంలో 12కు బదులు 13 కుట్లు వేశారు. మూడో వరుస చివరికి వచ్చాక రెండు కొమ్మలు పక్కపక్కనే వచ్చి, ఏడు కొమ్మల పువ్వు అయింది. విప్పేటప్పుడు ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. విప్పినా ఉన్ని ఎక్కడికీ పోదు కదా అని ధైర్యం చెప్పాము. వరుస పూర్తికాగానే లెక్కపెట్టుకుంటే ఇంత విప్పే పని ఉండదు.

మరొకరు ఐదో వరుసను కొమ్మ దగ్గర కాక ఆరు కుట్లు దాటి మొదలుపెట్టారు. వారి నాలుగు పువ్వులూ నిటారుగా, మిగతావన్నీ ఏటవాలుగా ఉన్నాయి. కుట్ల లెక్క సరిపోయింది కాబట్టి విప్పించలేదు. దుప్పటి నాలుగు మూలల్లో ఆ నాలుగూ పెట్టాము. ఇప్పుడు అందరూ అవే బాగున్నాయంటున్నారు.

అతకడం

ముందుగా చదరాలను తడిపి, తువ్వాలుతో అద్ది, థర్మోకోలు షీటుమీద 5 అంగుళాల గడి గీసి గుండుసూదులతో బిగించి ఆరనివ్వాలి. ఇస్త్రీ పెట్టె తగిలించవద్దు, యాక్రిలిక్ ఉన్ని కరిగిపోతుంది. తరువాత రెండు చదరాలను ఎదురెదురుగా పెట్టి, రెండింటిలోంచీ సూది గుచ్చుతూ పొట్టి కుట్లతో కలపాలి. 19కి ఎదురుగా 19 ఉంటాయి కనుక ఎక్కడా ముడతపడదు.

చివరి పని కొసలు దాచడం. ఒక్కో చదరానికి తెలుపువి రెండు, నీలానివి రెండు కొసలు మిగులుతాయి. 96 చదరాలకు 384 కొసలు. ఎవరికీ ఇష్టంలేని పని ఇదే. కానీ కొస దాచకపోతే మొదటి ఉతుకులోనే పువ్వు విడిపోతుంది.

చివరిగా

దుప్పటి పూర్తయ్యాక వచ్చిన ఆదివారం మాలో ఒకరి అమ్మగారు చూడటానికి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా లేసు అల్లుతున్న మనిషి. దుప్పటి తిరగేసి కొసలు చూశారు, అంచులమీద వేళ్ళతో కుట్లు లెక్కపెట్టారు.

"ఇదెక్కడికి పంపుతారే?" అని అడిగారు.

"ఎక్కడికీ పంపమమ్మా, ఇక్కడే ఉంటుంది" అన్నాము.

ఆమె మళ్ళీ ఒకసారి చేత్తో నిమిరారు. "ఇన్నేళ్ళూ పువ్వులే అల్లాను. దుప్పటి మొత్తం చూడటం ఇదే" అన్నారు. ఆరోజు ఆమె చేతనే దాన్ని ఆ మంచంమీద పరిపించాము.

చెల్లెళ్ళూ! ఆ గదిలో ఇంకొక మంచం ఉంది. నీలం ఉన్ని కొంత మిగిలింది, సూదులు మన బీరువాలోనే ఉన్నాయి. వచ్చే డిసెంబరుకు మీరు మొదలుపెట్టండి. చక్రంలో 12 కుట్లు ఉన్నాయో లేదో ముందుగా లెక్కపెట్టుకోవడం మరువకండి.