నిర్వాసితుని ప్రశ్న – నవీన నీతిశాస్త్ర సిద్ధాంతాలు

నీతిశాస్త్రమనగానే శతక పద్యాలు, పెద్దల హితవచనాలు స్ఫురించుట సహజం. కాని తత్త్వశాస్త్రంలో ఒక శాఖయైన నీతిశాస్త్రం చేయు పని ఉపదేశం కాదు, పరీక్ష. ఒక కార్యాన్ని మనం మంచిదన్నప్పుడు, ఏ ఆధారంతో అన్నామని అది ప్రశ్నిస్తుంది. అట్టి పరీక్షకు తగిన ఉదాహరణ మన పాతపట్నానికి సమీపంలోనే ఉన్నది.

వంశధార రెండవ దశలో భాగంగా హిరమండలం వద్ద సుమారు 19 టి.ఎం.సి.ల సామర్థ్యంతో జలాశయం నిర్మించబడినది. పొలాలకు నీరందించుట దాని ఆశయం. అందుకై హిరమండలం, కొత్తూరు ప్రాంతాలలోని పలు గ్రామాల ప్రజలు ఇండ్లను, భూములను విడిచి నిర్వాసితులైనారు. ఇది న్యాయమేనా?

ఉపయోగితావాదులు దీనికి లెక్క వేసి సమాధానం చెప్పుదురు. 1789లో తన సిద్ధాంత గ్రంథాన్ని ప్రకటించిన బెంథామ్ మొదలు నేటి పీటర్ సింగర్ వరకు వీరి మూలసూత్రమొక్కటే: ఫలితాన్ని బట్టియే కార్యం యొక్క మంచిచెడ్డలు. ఆ లెక్కలో భూస్వామి సుఖానికి, కూలివాని సుఖానికి విలువ సమానం. ఇది ఈ వాదానికి గల ఘనత. అయితే పదిమంది లాభంలో నుండి ఇద్దరి నష్టాన్ని తీసివేసినప్పుడు మిగులు కనిపించవచ్చును గాని, లాభపడినవారు వేరు, నష్టపడినవారు వేరు అన్న సత్యం అందులో కనిపించదు.

1971లో వెలువడిన జాన్ రాల్స్ గ్రంథం ఈ లోపాన్నే పట్టుకొన్నది. సంఘ నియమాలను నిర్ణయించువాడు తానే ఇంట పుట్టునో, భూస్వామి యగునో, కూలి యగునో ఎరుగని ఒక తెర వెనుక నిలిచినట్లు ఊహించుకొనవలెనని రాల్స్ వాదం. మునిగిపోవు ఊరు తనదే కావచ్చునని తలచినవాడు, ఆ ఊరివారిని కేవలం అంకెగా చూడజాలడు కదా!

అమర్త్యసేన్ 2009లో ప్రకటించిన గ్రంథంలో నీతి, న్యాయం అను మన పదాలనే తీసికొని వాటి భేదాన్ని వివరించినారు. నియమాలు, సంస్థలు సక్రమంగా ఉండుట నీతి. వాటి వలన మనుష్యుల బ్రతుకులు వాస్తవంగా ఎట్లున్నవో చూచుట న్యాయం. మన దేశంలో 2013 నాటి భూసేకరణ చట్టం పరిహారంతో పాటు పునరావాసాన్ని కూడ విధించినది. అది నీతి. కొత్త కాలనీకి చేరిన కౌలురైతుకు సేద్యం దొరికినదా, వృద్ధురాలికి ఇరుగుపొరుగు మిగిలినదా అన్నది న్యాయం.

ఈ సిద్ధాంతాలేవియు జలాశయం వద్దనుట లేదు. కట్టుట సరియైనదే అయినను, నష్టపడినవారి ఋణం తీరిపోదని మాత్రం రాల్స్, సేన్‌ల మార్గం మనకు తెలుపుతున్నది.

విద్యార్థి మిత్రులారా! తెలుగులోని ‘హక్కు’ అను మాట ఉర్దూ ‘హఖ్’ నుండి వచ్చినది. ఆ మాటకు సత్యమనియు అర్థమున్నది. నిర్వాసితునికి అందవలసినది దానం కాదు, అతని హక్కు. మన పొలాలలో పారు నీటిని చూచినప్పుడెల్ల ఆ సత్యం మన స్మరణకు రావలెను.