ప్లాస్టిక్ పరిశ్రమ - కార్మికుని ఆరోగ్యము

నీటి గొట్టములు, విద్యుత్తు తీగలపై తొడుగులు, వానకోట్లు మున్నగు అనేక వస్తువులు పి.వి.సి. అను ప్లాస్టిక్‌తో తయారగుచున్నవి. ఈ ప్లాస్టిక్ తయారీలో ఒక ప్రమాదము కలదు. దానిని మొదట భరించినవాడు కార్మికుడు.

పి.వి.సి.కి మూలపదార్థము వినైల్ క్లోరైడ్ అను రంగులేని వాయువు. దీనిని పెద్ద ఉక్కు పాత్రలలో నీటితో చేర్చి, అధిక పీడనమున వేడిచేసినచో దాని అణువులు గొలుసువలె కూడి తెల్లని పొడి ఏర్పడును. పని ముగిసిన పిమ్మట పాత్ర గోడలకు గట్టి పొర అంటుకొని యుండును. పూర్వము కార్మికులు పాత్రలోనికి దిగి, ఉలులతో ఆ పొరను గీకి తీసెడివారు. అందు చిక్కుకొన్న వాయువును వారు పీల్చక తప్పెడిది కాదు.

అమెరికాలో లూయీవిల్ నగరమందలి గుడ్రిచ్ కర్మాగారమున పనిచేసిన ముగ్గురు కార్మికులు కాలేయమునకు సోకు ఒక అరుదైన క్యాన్సరుతో మరణించిరని 1974 జనవరిలో ఆ సంస్థయే ప్రకటించినది. ఇటలీలో మాల్టోనీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై జరిపిన ప్రయోగములలో ఇదే వ్యాధి అంతకుముందే కనబడినది. ఆ సంగతి 1973లోనే కొన్ని రసాయన సంస్థలకు తెలిసినది. కార్మికులకు మాత్రము తెలుపబడలేదు.

అంతవరకు అమెరికా చట్టము గాలిలో పది లక్షల పాళ్లకు 500 పాళ్ల వాయువును అనుమతించెడిది. 1975 ఏప్రిల్ నుండి 8 గంటల సగటున ఒక్క పాలు మించరాదని విధించినది. ఇది అసాధ్యమనియు, కర్మాగారములు మూతపడుననియు యజమానులు వాదించిరి. కాని పాత్రలను మూసియుంచి, తీవ్రమైన నీటిధారలతో శుభ్రపరచు పద్ధతులు వచ్చినవి, ఉత్పత్తి ఆగలేదు. రక్షణ మొదటినుండియు సాధ్యమేయని దీనివలన స్పష్టమగుచున్నది.

మన దేశమున 1984 నాటి భోపాల్ దుర్ఘటన అనంతరము, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకరమైన పనులను గూర్చి కార్మికులకును పరిసర ప్రజలకును తెలుపవలెనని నిర్ణయించిరి. అయినను చట్టము పుస్తకమందున్నంత మాత్రమున చాలదు. 2020 మే 7న విశాఖపట్టణమున ఒక ప్లాస్టిక్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, పదిమందికి పైగా మరణించిరి. వారు కర్మాగారము ప్రక్కన గ్రామములో నిద్రించుచున్నవారు.

కార్మికునికి రక్షణ లేని చోట ఇరుగుపొరుగునకును రక్షణ లేదు. తాను పీల్చునది ఏమియో తెలిసికొను హక్కు అతనికి కూలితో సమానముగా దక్కవలెను. రేపు ఈ పరిశ్రమలలో రసాయనిక శాస్త్రజ్ఞులుగా, అధికారులుగా ప్రవేశింపనున్న విద్యార్థులు ఈ విషయమును గుర్తుంచుకొనవలసియున్నది.