నెట్‌వర్కు ప్రారంభ స్క్రిప్టులు

లినక్సు వంటి నిర్వహణ వ్యవస్థలలో కంప్యూటరు మొదలైనపుడు నెట్‌వర్కు పరికరాలను సిద్ధపరచే ఆదేశాల ఫైళ్ళను నెట్‌వర్కు ప్రారంభ స్క్రిప్టులు అంటారు. నెట్‌వర్కు కార్డుకు ఐపీ చిరునామా ఇవ్వడం, గేట్‌వేకు దారి ఏర్పరచడం, డీఎన్ఎస్ సర్వర్లను నమోదు చేయడం వీటి ముఖ్యమైన పనులు. నిర్వాహకులు తమ అవసరాలకు తగిన ఆదేశాలను వీటికి చేర్చుకొనవచ్చును. అయితే చేర్చిన చోటును బట్టి ఆ మార్పు నిలవడమో, తరువాతి అమరికలో చెరిగిపోవడమో జరుగుతుంది.

మార్పులు చెరిగిపోవడానికి కారణాలు

మార్పులు మూడు విధాలుగా పోతాయి.

* టెర్మినల్‌లో ఇచ్చిన ఆదేశం కెర్నెల్ జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తే అది ఉండదు.
* కొన్ని ఫైళ్ళను అమరిక ఉపకరణాలు తామే తయారు చేస్తాయి. ఉపకరణాన్ని మళ్ళీ నడిపినపుడు చేతితో వ్రాసినది తుడిచిపెట్టుకుపోతుంది. డీఎన్ఎస్ చిరునామాలుండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలు ఇందుకు మంచి ఉదాహరణ.
* వ్యవస్థతో వచ్చిన స్క్రిప్టునే దిద్దితే, ప్యాకేజీ కొత్త కూర్పు వచ్చినపుడు దాని స్థానంలో కొత్త స్క్రిప్టు చేరవచ్చును.

కావున వ్యవస్థ తయారు చేసే ఫైళ్ళను దిద్దక, నిర్వాహకుని కొరకు విడిచిన చోటులో సొంత ఫైలును ఉంచడం సరియైన పద్ధతి. ఆ ఫైలు ఏ ప్యాకేజీకీ చెందదు గనుక సాధారణంగా దానిని ఏ ఉపకరణమూ ముట్టదు.

ఉదాహరణ

పల్నాడు జిల్లా దాచేపల్లిలో ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రం ఉన్నదనుకొనవచ్చును. అక్కడ డెబియన్ గల ఒక కంప్యూటరు పీపీపీఓఈ పద్ధతిలో బ్రాడ్‌బ్యాండుకు కలిసి, మిగిలిన పది కంప్యూటర్లకు ఇంటర్నెట్‌ను పంచుతున్నది. ఇందుకు ఐపీటేబుల్స్‌లో మాస్కరేడ్ అనే నియమం కావలెను. ఆ నియమాన్ని టెర్మినల్‌లో ఇచ్చి వదిలివేస్తే ఆ రోజుకు పని జరుగుతుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత మాత్రం ఆ ఒక్క కంప్యూటరుకే ఇంటర్నెట్ ఉంటుంది, మిగిలిన పదింటికి ఉండదు. లోపం తీగలో ఉన్నదో, అమరికలో ఉన్నదో తెలియక విద్యార్థుల తరగతి ఆగిపోతుంది.

ఆ నియమాన్ని ఒక చిన్న స్క్రిప్టుగా వ్రాసి ఈటీసీలోని పీపీపీ డైరెక్టరీలో ఐపీ-అప్.డీ అనే చోట ఉంచితే, సంధానం ఏర్పడిన ప్రతిసారీ అది దానంతటదే నడుస్తుంది. బ్రాడ్‌బ్యాండు వాడుకరి పేరును మార్చుటకు పీపీపీఓఈకాన్ఫ్ ఉపకరణాన్ని మళ్ళీ నడిపినా ఆ స్క్రిప్టు అలాగే ఉంటుంది. సంధానం తెగి కలిసిన ప్రతిసారీ నియమం రెట్టింపు కాకుండా, అది ముందే ఉన్నదేమో పరీక్షించి చేర్చవలెను.

వివిధ వ్యవస్థలలో పద్ధతులు

డెబియన్: ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలులో ప్రీ-అప్, అప్, డౌన్, పోస్ట్-డౌన్ అనే పదాల ప్రక్కన ఆదేశాలు వ్రాయవచ్చును. ఇఫ్-అప్.డీ డైరెక్టరీలో విడి స్క్రిప్టులూ ఉంచవచ్చును. ప్యాకేజీతో వచ్చిన అమరిక ఫైలును వాడుకరి మార్చి ఉండగా అందులోనే కొత్త కూర్పు వస్తే, ఏది ఉంచవలెనో డీపీకేజీ అడుగుతుంది.

రెడ్ హ్యాట్: పూర్వం ప్రతి కార్డుకు ఐఎఫ్‌సీఎఫ్‌జీతో మొదలయ్యే ఫైలు ఉండేది. ఇఫప్-లోకల్ అనే స్క్రిప్టును నిర్వాహకుడు సృష్టిస్తే, కార్డు సిద్ధమైన పిదప వ్యవస్థ దానిని పిలిచేది. 2019లో వచ్చిన 8వ కూర్పులో ఈ స్క్రిప్టుల పద్ధతిని వదలమని సూచించి, 2022 నాటి 9వ కూర్పులో తొలగించారు. ఇపుడు నెట్‌వర్క్‌మేనేజర్‌లోని డిస్పాచర్.డీ డైరెక్టరీ అదే పని చేస్తుంది.

సూసే: పాత కూర్పులలోని సూసేకాన్ఫిగ్ తాను వ్రాసిన ఫైళ్ళ ఎండీ5 మొత్తాలను దాచుకొనేది. ఫైలును ఎవరైనా చేతితో మార్చినట్లు తెలిస్తే దానిని చెరపక, కొత్త ప్రతిని ప్రక్కన వేరే పేరుతో వ్రాసేది.

ఉబుంటు: 2017లో వచ్చిన 17.10 కూర్పు నుండి నెట్‌ప్లాన్ వాడుకలోకి వచ్చింది. క్లౌడ్-ఇనిట్ గల సర్వర్లలో నెట్‌ప్లాన్ ఫైలును అదే తయారు చేయవచ్చును. అట్టి చోట దాని నెట్‌వర్కు అమరికను నిలిపివేసి, సొంత ఫైలును వేరుగా వ్రాయడం మేలు.

జాగ్రత్తలు

* స్క్రిప్టుకు నడిచే అనుమతి తప్పనిసరిగా ఇవ్వవలెను.
* డెబియన్‌లోని రన్-పార్ట్స్ సాధారణంగా పేరులో చుక్క గల ఫైళ్ళను వదిలివేస్తుంది. అందువలన చివర ".ఎస్‌హెచ్" అని ఉన్న స్క్రిప్టు ఏ దోష సందేశమూ లేకుండా నడవకుండా పోతుంది.
* చాటర్ ఆదేశంతో ఫైలుకు తాళం వేయడం తాత్కాలిక ఉపాయమే. తరువాత వచ్చిన నిర్వాహకునికి మార్పు ఎందుకు నిలవడం లేదో అర్థం కాదు.
* మార్పు చేసిన పిదప కంప్యూటరును ఒకసారి తిరిగి ప్రారంభించి, అమరిక ఉపకరణాన్ని కూడా మరల నడిపి చూడవలెను. రెండింటికీ నిలిచినదే స్థిరమైన మార్పు. దూరం నుండి పనిచేసేవారు సంధానం తెగే అవకాశం ఉన్నందున, యంత్రం వద్ద మరొకరు ఉన్నపుడే ఈ పరీక్ష చేయడం మంచిది.