యూనిక్స్ యంత్రం కూలితే ‘డంప్’ పరిశీలన లాభమా, కాలయాపనా?

తొందరపడి మళ్లీ ఆన్ చేస్తే సాక్ష్యం మాయం

వాయిదా వ్యాపారం కంప్యూటర్ తెరల మీదికి మారినప్పటి నుంచి వర్తకులకు కొత్త బెడద ఒకటి వచ్చి పడింది. నిజామాబాద్ పసుపు ధర జోరుమీదున్న వేళ బ్రోకర్ కార్యాలయంలో సర్వర్ కూలిపోతే కొనేవారికీ, అమ్మేవారికీ, మధ్యనున్న బ్రోకరుకూ నష్టమే. ఇటువంటి సర్వర్లలో అనేకం యూనిక్స్ మీద, దాని బాటలో వచ్చిన లైనక్స్ మీద నడిచేవే. కూలిన యంత్రం వదిలిపోయే ‘క్రాష్ డంప్’ చూస్తే కారణం దొరుకుతుందా అన్నది వర్తక వర్గాలు తేల్చుకోవలసిన విషయం.

డంప్ అంటే ఏమిటి?

యూనిక్స్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్. తన లెక్కల్లో సరిదిద్దరాని తేడా కనిపించినప్పుడు, తప్పుడు లెక్కతో బేరం సాగించడం కన్నా దుకాణం కట్టేయడమే మేలని అది తనంత తానే ఆగిపోతుంది. దీనిని ‘పానిక్’ అంటారు. ఆ క్షణాన మెమరీలో ఉన్నది డిస్క్ మీదికి రాయబడుతుంది. అదే డంప్. 1970లలో పి.డి.పి.-11 యంత్రాల మీద ఆపరేటరే పూనుకొని దీనిని అయస్కాంత టేపు మీదికి ఎక్కించేవాడు. తరువాత ఈ పని యంత్రానికే అప్పగించారు. ఈ పరిశీలన మీద 1995లో క్రిస్ డ్రేక్, కింబర్లీ బ్రౌన్ ఏకంగా ఒక గ్రంథమే రాశారు.

లాభం ఎక్కడ?

ఆగిన చోట ఏ ప్రోగ్రాము నడుస్తున్నది, ఏ పని ఏ పనిని పిలిచింది అన్న వరుస డంప్‌లో దొరుకుతుంది. ఆ వరుసను తయారీదారు వద్దనున్న పాత లోపాల జాబితాతో పోల్చితే, అనేక సందర్భాలలో విరుగుడు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. తెలిసిన లోపాన్ని పట్టించుకోకపోతే ఎంత నష్టమో 1999 జూన్‌లో అమెరికా వేలం సంస్థ ఈబే చవిచూసింది. దాని వ్యాపారం దాదాపు 22 గంటలు స్తంభించింది. సన్ సంస్థ వద్ద ఉన్న సవరణను ఆ యంత్రాలలో వేయలేదని అప్పట్లో వెల్లడైంది.

పరిమితులు లేకపోలేదు

దీపావళి నాడు లెక్క తేలలేదంటే తప్పు పద్దు ఆనాడే పడిందని కాదు. ఉగాది నాడు పడి ఉండవచ్చు. డంప్ సంగతీ అంతే. యంత్రం ఎక్కడ పడిందో అది చెబుతుంది. ముందెప్పుడో మెమరీని పాడుచేసినది ఎవరో చెప్పలేకపోవచ్చు. అటువంటప్పుడు రెండు మూడు డంప్‌లను పక్కపక్కన పెట్టి చూడవలసిందే.

ఇక కూలకుండా బిగుసుకుపోయిన యంత్రం డంప్ తనంత తాను ఇవ్వదు, బలవంతంగా తీయించాలి. లోపం యంత్రం వెలుపల ఉంటే డంప్ వల్ల ప్రయోజనం స్వల్పం. 2021 ఫిబ్రవరి 24న జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉదయం 11.40కి ఆగిన వ్యాపారం మధ్యాహ్నం 3.45కి గాని తిరిగి మొదలు కాలేదు. అక్కడ చిక్కు టెలికాం లింకులలో, నిల్వ వ్యవస్థలో వచ్చింది.

అసలు పేచీ

డంప్ పూర్తి కావడానికి కొంత వ్యవధి పడుతుంది. బేరాల వేళ క్లయింట్ల ఒత్తిడికి తట్టుకోలేక మధ్యలోనే స్విచ్ ఆపి మళ్లీ వేసేవారున్నారు. ఆ పూటకు వ్యాపారం సాగుతుంది. కారణం మాత్రం చేజారుతుంది. అదే యంత్రం మరునాడు మార్జిన్ కట్టవలసిన వేళ తిరిగి కూలితే చెప్పేందుకు ఏమీ ఉండదు. ప్రత్యామ్నాయ సర్వర్ ఉన్నవారు బేరాలను దాని మీదికి మళ్లించి, కూలినదానిని తన పని తాను ముగించుకోనివ్వడం ఉత్తమం.

ముందుజాగ్రత్త కూడా అవసరం. లైనక్స్‌లో డంప్ కోసం కొంత మెమరీని ముందే కేటాయించకపోతే కూలిన రోజున ఏమీ మిగలదు. డిస్క్‌లో చోటు చాలకపోతే సగమే దక్కుతుంది. సెలవు రోజున ఒకసారి కావాలని కూల్చి పరీక్షించుకోవడం మేలు. డంప్‌లో క్లయింట్ల ఆర్డర్లు, పాస్‌వర్డులు కూడా ఉండవచ్చు గనుక బయటివారికి పంపేటప్పుడు జాగ్రత్త వహించాలి.

మొత్తం మీద డంప్ సర్వరోగ నివారిణి కాదు. అయితే పానిక్‌తో కూలిన యంత్రం విషయంలో దానికి మించిన సాక్షి మరొకటి లేదు. కొద్ది నిమిషాల బేరం పోతుందని ఆ సాక్షిని వదులుకుంటే, అదే నష్టాన్ని మళ్లీ మళ్లీ భరించవలసి రావచ్చు.