విశాఖలో సెక్స్ థెరపిస్ట్‌ని ఎలా వెతకాలి? మన ఉద్దానం వాళ్ల కోసం

నేను బారువ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు విషయం కాస్త సిగ్గుపడే విషయం. పక్కన పిల్లలుంటే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. కానీ మధ్యలో ఆపేయకండి. ఎందుకంటే ఇది సిగ్గు విషయం మాత్రమే కాదు, మన ఉద్దానంలో ఇది కిడ్నీల విషయం కూడా.

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాదు. మనవాళ్లని విశాఖ ఆస్పత్రులకి తీసుకెళ్లి, ఓపీ చీటీ దగ్గర్నుంచి మందుల షాపు దాకా తిరిగిన మనిషిని. ఆ తిరుగుడులో చూసింది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెప్తాను.

మొగుడూపెళ్లాల మధ్య ఇబ్బంది వస్తే మనవాళ్లు ఎవరికి చెప్తారు? అమ్మకి చెప్పలేరు, అన్నయ్యకి చెప్పలేరు. ఊళ్లో ఆర్‌ఎంపీకి చెప్తే సాయంత్రానికి టీ కొట్టు దగ్గరికి చేరిపోతుందని భయం. అందుకే పెద్ద సిటీ అయితే మేలు, అక్కడ మనల్ని ఎవరూ గుర్తుపట్టరు అనుకుంటారు. ఆ ఆలోచన తప్పేం కాదు. కానీ రెండు వందల కిలోమీటర్లు పైనే ప్రయాణం చేసి విశాఖలో దిగాక, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలీక గోడ మీద కనిపించిన నంబర్‌కి ఫోన్ చేస్తారు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. మన దేశంలో "సెక్స్ థెరపిస్ట్" అని విడిగా లైసెన్స్ ఏదీ లేదు. "సెక్సాలజిస్ట్" అని బోర్డు ఎవరైనా రాసుకోగలరు. కాబట్టి బోర్డు మీద పెద్దక్షరాలు కాదు, పేరు కింద చిన్నక్షరాల్లో ఉన్న డిగ్రీ చూడాలి. ఈ పని నిజంగా చేసేవాళ్లు నాలుగు రకాలు.

మొదటివాళ్లు సైకియాట్రిస్టులు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ గానీ డీపీఎం గానీ చదివినవాళ్లు. మనసు మాట వింటారు, మందులూ రాస్తారు. శీఘ్రస్ఖలనం, భయం, కోరిక తగ్గిపోవడం లాంటివి వీళ్లు రోజూ చూసేవే. సైకియాట్రిస్ట్ అనగానే పిచ్చి డాక్టరు అనుకోకండి.

రెండోవాళ్లు క్లినికల్ సైకాలజిస్టులు. వీళ్లు మందులు రాయరు, మాట్లాడి బాగుచేస్తారు. వీళ్లకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగొచ్చు, అడిగితే తప్పు కాదు.

మూడోవాళ్లు యూరాలజిస్టులు. అంగస్తంభనలో శరీరానికి సంబంధించిన లోపం ఉందేమో చూసేది వీళ్లే. నాలుగోవాళ్లు గైనకాలజిస్టులు. కలయికలో నొప్పి, కండరాలు బిగుసుకుపోయి అసలు కలవలేకపోవడం లాంటివి ఆడవాళ్లకి ఉంటాయి. "ఓర్చుకో, పిల్లలు పుడితే అదే పోతుంది" అని ఇంట్లో అంటారు గానీ, దానికి వైద్యం ఉంది.

మరి ముందు ఎవరి దగ్గరికి? ఇక్కడే మన ఉద్దానం వాళ్లకి లెక్క వేరు. బయటివాళ్లకి చెప్పే సలహా మనకి సరిపోదు. కిడ్నీ జబ్బు ఉన్న మగవాళ్లలో అంగస్తంభన సమస్య చాలా ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం తగ్గిపోతుంది, హార్మోన్లు మారిపోతాయి, నరాలు దెబ్బతింటాయి, దానికి తోడు దిగులు. ఆడవాళ్లకి కూడా నెలసరి తప్పుతుంది, కోరిక తగ్గుతుంది. సుగర్, బీపీ ఉన్నా ఇంతే. గుండె రక్తనాళాలు మూసుకుపోతున్నాయన్న హెచ్చరిక కొందరికి కొన్నేళ్ల ముందే ఈ సమస్య రూపంలో కనిపిస్తుంది.

కాబట్టి విశాఖ రైలెక్కే ముందే క్రియాటినిన్, సుగర్, బీపీ చూపించుకోండి. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి కదా, మనకి అది దగ్గర. ఆ రిపోర్టులు చేతిలో ఉంటే విశాఖలో ఒక రోజు మిగులుతుంది. వాడుతున్న మందుల చీటీలు కూడా తీసుకెళ్లండి. కొన్ని బీపీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మాత్రల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. అలాగని మీకు మీరే ఆపేయకండి. డాక్టర్ వేరేది మార్చి రాస్తారు.

ఇప్పుడు గోడ మీద నంబర్ల సంగతి. "ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో అందుబాటులో ఉంటారు, గ్యారంటీ వైద్యం" అని ఉంటుంది చూడండి. సెక్స్ సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం. అంటే ఆ ప్రకటన వేసినవాడు మొదటి అడుగులోనే చట్టం దాటాడన్నమాట. ఇలా పేరూ ఊరూ లేకుండా అమ్మిన పొడుల్లో సీసం, పాదరసం లాంటి లోహాలు బయటపడ్డ సందర్భాలున్నాయి. అవి దెబ్బకొట్టేది కిడ్నీలనే. వేరే ఊరివాడికి డబ్బు పోతుంది. మనవాడికి డబ్బుతో పాటు కిడ్నీ పోయి డయాలసిస్ దాకా రావొచ్చు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మరికొన్ని "మూలికల" మందుల్లో సిల్డెనాఫిల్ చెప్పకుండా కలిపి అమ్మి దొరికిపోయారు. 1998లో అమెరికాలో వయాగ్రా పేరుతో వచ్చిన మందు అదే. డాక్టర్ రాసిస్తే మంచి మందే. కానీ గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్లు ఇది వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి మోతాదు తగ్గించాలి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే బిళ్ల కాదది.

సరే, విశాఖలో ఎక్కడ? ఖర్చు భయం ఉన్నవాళ్లకి కేజీహెచ్ ఉంది. యూరాలజీ, సైకియాట్రీ, గైనిక్ అన్నీ ఉంటాయి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. ఓపీలో జనం ఎక్కువ ఉంటారు, కాబట్టి "ఇది భార్యాభర్తల విషయం, కాస్త విడిగా మాట్లాడాలండీ" అని లోపలికి వెళ్లగానే చెప్పేయండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఇంకా దగ్గర. ప్రైవేటుకి వెళ్తే ముందు ఫోన్‌లో ఐదు ప్రశ్నలు అడగండి. మీ డిగ్రీ ఏంటి? రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? ఒక్కసారికి ఫీజు ఎంత, రసీదు ఇస్తారా? ఇద్దరం కలిసి రావొచ్చా? తర్వాత వీడియోలో చూస్తారా? వీడియో వైద్యానికి 2020 నుంచి ప్రభుత్వ నిబంధనలున్నాయి. కాబట్టి ప్రతిసారీ రైలెక్కక్కర్లేదు. డిగ్రీ అడిగితే కోప్పడినా, పూర్తి కోర్సు డబ్బు ముందే కట్టమన్నా ఫోన్ పెట్టేయండి.

లోపల ఏం జరుగుతుందోనని చాలామందికి బెరుకు. థెరపీ అంటే మాటలే. థెరపిస్ట్ మిమ్మల్ని తాకరు, బట్టలు విప్పమనరు. శరీర పరీక్ష కావాలంటే అది డాక్టర్ పని. ఆడవాళ్లని చూసేటప్పుడు తోడుగా ఇంకొకరు ఉండాలని అడగొచ్చు. 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికా పరిశోధకులు ఒక పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. భార్యాభర్తలకి ఇంట్లో చేయమని వరుసగా పనులు ఇస్తారు. మొదట్లో కలయిక వద్దంటారు. ఊరికే పక్కన కూర్చోవడం, తాకడం, ఏది బాగుందో చెప్పుకోవడం. పరీక్ష రాస్తున్నట్టు ఉండే ఆ భయం పోతే సగం జబ్బు పోయినట్టే. ఈ రోజుకీ ఆ పద్ధతే పునాది.

అందుకే వీలైతే ఇద్దరూ వెళ్లండి. మన దగ్గర మగవాళ్లు వేటకని గుజరాత్ వెరావల్ పోతారు, పనులకని హైదరాబాద్, గల్ఫ్ పోతారు. నెలల తరబడి దూరం ఉండి వచ్చిన మనిషికి, ఇంటిదగ్గర ఒంటరిగా అలిసిపోయిన ఆమెకి మొదటి వారం కుదరకపోతే అది జబ్బు కాకపోవచ్చు. ఒకరికొకరు మళ్లీ అలవాటు కావాలంతే. ఆ మాట ఆమెకి కూడా డాక్టర్ నోటి నుంచి వినబడితే, "నా మీద ఇష్టం పోయింది" అనే అనుమానం తగ్గుతుంది.

మీ విషయం బయటికి పొక్కుతుందని భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రహస్యం కాపాడటం వాళ్ల బాధ్యత. మగపిల్లాడు మగవాణ్ణి ఇష్టపడుతున్నాడని "మార్చేస్తాం" అనేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. అది జబ్బు కాదు. అలాంటి "వైద్యం" చేయడం డాక్టర్లకి తప్పుడు ప్రవర్తన కిందకి వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

ఎవరికీ నోరు తెరిచి చెప్పలేని స్థితిలో ఉంటే టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దిగులు మరీ ఎక్కువై చావు ఆలోచనలు వస్తుంటే మాత్రం ఈ రాత్రే చేయండి, రేపటికి వాయిదా వేయకండి.

ఈ వీడియో మీ బావకో, మీ వదినకో అవసరం అనిపిస్తే ఏం రాయకుండా ఊరికే పంపండి, వాళ్లకి అర్థమవుతుంది. ముందు రక్తపరీక్ష, తర్వాత రైలు టికెట్టు. గోడ మీద నంబర్ మాత్రం వద్దు.