అమ్మ భుజం నొప్పి... ఏడేళ్ల పంతం!

'ఇష్టమున్న పనిలో దిగండి, లాభం దానంతటదే వస్తుంది!' వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు ఈ మధ్య ఎవరిని కదిపినా ఇదే సలహా. 'స్టార్టప్' అనే మాట హైదరాబాదు దాటి భువనగిరికీ, జడ్చర్లకూ, వనపర్తికీ వచ్చేసింది. కుట్టు సెంటరు పెట్టాలనుకునే అమ్మాయికైనా, పచ్చళ్లు అమ్ముదామనుకునే ఇల్లాలికైనా మొదట వినిపించే పాఠం ఒక్కటే... తపన ఉండాలి!

సరే, ఉండాలి. కానీ దేని మీద? ఎన్నాళ్లు? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ తపన నడిచినన్నాళ్లూ ఇల్లు ఎవరు నడపాలి?

ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ అమెరికా కంపెనీల కథలు తిరగేయక్కర్లేదు. మన పాత నల్గొండ జిల్లా, ఆలేరు మండలం శారాజీపేట చాలు. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది. ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఊరు ఇదే.

ఆయన పేరు మీరు వినే ఉంటారు. 2019లో ఆయన కథతో 'మల్లేశం' సినిమా కూడా వచ్చింది. కానీ అసలు 'ఆసు పోయడం' అంటే ఏమిటో, పోచంపల్లి చీరలు కట్టుకునేవాళ్లలోనే చాలామందికి తెలియదు. ముందు అది తెలుసుకుందాం.

చీరకు ముందు చాకిరి

పోచంపల్లి చీరలో రంగు బట్ట మీద పడదు, నూలు మీద పడుతుంది. నేయకముందే దారానికి ఎక్కడ ఎరుపు రావాలో, ఎక్కడ తెలుపు మిగలాలో లెక్క చూసుకుని, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టి, అద్దకంలో ముంచుతారు. కట్టడానికి సైకిల్ ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలు వాడటం అక్కడ మామూలే. ఇలా కట్టాలంటే ముందుగా దారాన్ని చీర వెడల్పుకు సరిపడా వరసలుగా అమర్చుకోవాలి. ఆ అమర్చే పనే ఆసు. ఒక చివర ఒక మేకు, రెండో చివర అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు చెయ్యి విసురుతూ ఒక్కో మేకుకూ చుట్టుకుంటూ పోవాలి.

ఒక్క చీరకు ఇలా దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి! నాలుగైదు గంటల పని. లెక్కేసి చూడండి, సుమారు రెండు సెకన్లకో విసురు. విసురుకు మీటరు అనుకున్నా, కూర్చున్న చోటు నుంచి కదలకుండా చెయ్యి 9 కిలోమీటర్లు నడిచినట్టు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 కిలోమీటర్లు. దారం తెగిందా, చూపు తప్పిందా, మళ్లీ సరిచేసుకోవాలి. కళ్లు, భుజం, మోచెయ్యి... ఏదీ మిగలదు.

ఈ పని ఎవరిది? ఇంట్లో ఆడవాళ్లదే. మగ్గం మీద కూర్చున్నాయన్ని 'నేతగాడు' అంటారు. ఆసు పోసినావిడను ఏమంటారు? ఆమెకంటూ ఒక పేరే లేదు. ఇంట్లో మనిషి చేసిన పనికి విడిగా కూలి కట్టే అలవాటూ లేదు. వంటతో, నీళ్లతో, పిల్లలతో పాటు అదొకటి... అంతే. చీర ధరలో రంగు ఖర్చుంది, పట్టు ఖర్చుంది, మరి ఆ భుజం ఖర్చు ఎక్కడుంది?

మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ల తరబడి ఆసు పోసినామె. భుజం నొప్పి భరించలేని స్థితికి వచ్చింది. కొడుకు హైస్కూలు చదువు పూర్తికాకుండానే బడి మానేసి నేతలోకి వచ్చినవాడు. ఇంజనీరింగు మాట అటుంచండి, యంత్రం బొమ్మ గీయడం కూడా ఎవరూ నేర్పలేదు. అమ్మ చెయ్యి చేసే పని యంత్రంతో చేయించాలని 1992లో మొదలుపెట్టాడు. అది పూర్తయింది 1999లో!

పిచ్చి అన్నారు... అనరూ మరి!

ఏడేళ్లంటే మాటలా? చేతిలో డబ్బు లేదు, చూసి నేర్చుకోవడానికి అలాంటి యంత్రం ఎక్కడా లేదు. చెక్కలు, మోటార్లు, కప్పీలు కొనడం, బిగించడం, విప్పడం. అప్పులు పెరిగాయి. ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. నవ్వినవాళ్లను తప్పు పట్టడం తేలికే గానీ, పక్కింట్లో ఒక కుర్రాడు మగ్గం వదిలేసి అప్పు చేసి చెక్కముక్కలు బిగిస్తుంటే మనమైనా ఏమంటాం?

ఇక్కడే మన ఆడవాళ్లు కాస్త ఆగి గమనించాల్సిన సంగతి ఉంది. మల్లేశం పంతం వదల్లేదు కానీ, సంపాదన లేకుండా ఇంట్లోనే కూర్చోనూ లేదు. అప్పుల భారం పెరిగాక హైదరాబాదు వెళ్లి కరెంటు పనికి కుదిరాడు. పగలు కూలి, ఆ కూలిలోంచే యంత్రానికి ఒక్కో భాగం. మొత్తం యంత్రాన్ని ఒక్కసారిగా కలగనకుండా ఒక్కో కదలికనూ విడివిడిగా సాధించుకుంటూ వచ్చాడు. చివరి చిక్కొకటి ఎంతకూ తేలలేదు. బాలానగర్ ప్రాంతంలో పనికి వెళ్లినప్పుడు అక్కడి ఒక యంత్రం ఆడే తీరు కంటపడింది. తనకు కావలసిన కదలిక అదే! ఆసు సంగతి తెలియని మనిషి ఆ యంత్రం ముందు వందసార్లు నిలబడినా ఏమీ కనిపించేది కాదు. ఏడేళ్లు అదే ఆలోచనలో ఉన్నవాడికి ఇట్టే తట్టింది. తపన వల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉంటే అది ఇదేనేమో.

నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగింది. చెయ్యి ఆడించే పనే లేదు. యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు... లక్ష్మీ ఆసు యంత్రం. మన పల్లెల్లోని ఆవిష్కర్తలను వెతికి పట్టుకునే పల్లెసృజన సంస్థ, ఆ తర్వాత అహ్మదాబాదులోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వెన్నుతట్టాయి. 2010లో ఫోర్బ్స్ పత్రిక పేర్కొన్న ఏడుగురు గ్రామీణ పారిశ్రామికవేత్తల్లో మల్లేశం ఒకరు.

ఇంకో సంగతి. యంత్రం అనగానే చేనేతకు ముప్పు అని మనం ఉలిక్కిపడతాం. మరమగ్గం మీద పోచంపల్లి డిజైన్లు అచ్చేసి చవగ్గా అమ్మేవాళ్లను చూశాం కాబట్టి ఆ భయమూ సహజమే. కానీ ఈ యంత్రం మగ్గాన్ని ముట్టుకోలేదు. చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం చేతుల్లోనే ఉన్నాయి. ఏ పనిలో నేర్పు కన్నా నొప్పి ఎక్కువో, దాన్ని మాత్రమే తీసుకుంది. ఆ తేడా ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికే తెలుస్తుంది. పైనుంచి వచ్చిన ఇంజనీరు అయితే ముందు మగ్గాన్నే మార్చి ఉండేవాడని నా అనుమానం!

ఇంట్లోనే తొలి గిరాకీ

వ్యాపారం పెట్టేవాళ్లు నాకిది ఇష్టం అంటూ మొదలుపెడతారు. మల్లేశం యంత్రాల మీద మోజుతో దిగలేదు. 'అమ్మకు ఇది కష్టం' అన్న చోట మొదలుపెట్టాడు. యంత్రం పనికొస్తుందో లేదో చెప్పేందుకు ఇంట్లోనే మనిషి ఉంది. ఆ కష్టమే ఊరూరా నేత ఇళ్లన్నిటిలో ఉంది. అంటే కొనేవాళ్లు ముందే ఉన్నారు, వస్తువే రావాలి. చాలా దుకాణాల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. వస్తువు ముందు తయారవుతుంది, కొనేవాళ్లను తర్వాత వెతుక్కుంటారు.

తమిళనాట కోయంబత్తూరు అరుణాచలం మురుగనాథం కథా ఇలాంటిదే. భార్య నెలసరి రోజుల్లో పాత గుడ్డలు దాచుకోవడం చూసి, 1998లో చవక శానిటరీ నాప్కిన్ల కోసం ప్రయోగాలు మొదలుపెట్టాడు. యంత్రం చేశాడు, 2016లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ ప్రయోగాల మధ్యలో భార్య పుట్టింటికి వెళ్లిపోయింది, తల్లీ ఇల్లు విడిచింది. గెలిచాక భార్య తిరిగి వచ్చింది. సినిమాల్లో ఈ ఘట్టం హీరో కష్టంగా కనిపిస్తుంది. ఆ ఇంటి కోడలి వైపు నుంచి చూస్తే? తాళం వేసిన వంటగది, వీధిలో మాటలు, రేపటి మీద బెంగ... వాటి లెక్క ఎవరు రాశారు?

మరి తపన ఆడవాళ్లదైతే ఇల్లంతా అలా ఏడేళ్లు ఆగుతుందా? చాలా ఇళ్లలో ఆర్నెల్లు కూడా ఆగదు. అందుకే మన ఆడవాళ్ల వ్యాపారాలు తరచూ ఒక్కరి పంతంగా కాక నలుగురి పనిగా మొదలవుతాయి. 1959లో ముంబయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. చేతిలో ఉన్న విద్య, మేడ మీద ఎండ, పంచుకుంటే తగ్గే భారం. ఓడినా ఒక్క ఇల్లే మునిగిపోదు.

తపన ఉందనుకుంటే పుస్తెలతాడు తాకట్టు పెట్టకముందు కాసేపు కూర్చుని లెక్క రాసుకోండి. ఇది ఎవరి ఇబ్బంది తీరుస్తుంది, వాళ్లలో డబ్బిచ్చి కొనే పదిమంది పేర్లు చెప్పగలమా, ఎంత పోతే ఆగిపోవాలి, అందాకా ఇంట్లోకి రాబడి ఎక్కణ్నుంచి? సలహాకు చోట్లూ ఉన్నాయి. మహిళా పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాదులో 'వీ హబ్' పెట్టింది. ఆలోచన ఉన్నవాళ్లు కాగితం మీద రాసుకుని వెళ్లి అడగొచ్చు.

ఇక మహబూబ్‌నగర్ వైపు చూస్తే, గద్వాల మగ్గాల మీద చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టును నూలుతో కలపడం ఇప్పటికీ ఓపికతో చేయాల్సిన చేతిపనే. నారాయణపేటలోనూ నేతకు ముందు బోలెడు చాకిరి. ఆ ఇళ్లలో సాయంత్రం పూట అమ్మ ఏ వేలు నొక్కుకుంటుందో, ఏ భుజానికి వేడినీళ్ల గుడ్డ పెట్టుకుంటుందో రోజూ చూసే పిల్లలున్నారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు.