నేలకు కలిపిన టవర్‌ను యాంటెన్నాగా వాడటం: షంట్ ఫీడ్ పద్ధతి

పరిచయం

తరంగ దైర్ఘ్యానికీ యాంటెన్నా పొడవుకూ ఉన్న సంబంధం మీరు ఇంతకు ముందే చదివారు. దాన్ని ఒకసారి 160 మీటర్ల బ్యాండుకు వర్తింపజేసి చూడండి. మన దేశంలో ఔత్సాహిక రేడియోవారికి ఈ బ్యాండులో 1.820 నుంచి 1.860 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించారు. 300ను 1.83తో భాగిస్తే తరంగ దైర్ఘ్యం సుమారు 164 మీటర్లు వస్తుంది. అందులో నాలుగో వంతు 41 మీటర్లు, అంటే పదమూడంతస్తుల మేడంత ఎత్తు. పగలు అయనావరణంలోని డి పొర ఈ తరంగాలను శోషించుకుంటుంది. రాత్రి ఆ పొర బలహీనపడగానే ఇవే తరంగాలు ఖండాలు దాటుతాయి. కాబట్టి ఈ బ్యాండు మీద ఆసక్తి ఉన్నవారు చాలామందే. అంత ఎత్తు స్తంభం నిలబెట్టగలిగేవారు మాత్రం తక్కువ.

అయితే చాలామంది దగ్గర 20 మీటర్ల ఇనుప టవరు, దాని తలపై హెచ్‌ఎఫ్ బ్యాండ్ల యాగీ యాంటెన్నా ఉంటాయి. ఆ టవరునే 160 మీటర్ల యాంటెన్నాగా వాడుకోవచ్చా? దాని కాళ్లు కాంక్రీటులో ఉన్నాయి, ఎర్త్ కూడా చేశారు. నేలకు కలిపిన లోహానికి విద్యుత్తు ఇస్తే షార్ట్ సర్క్యూట్ కాదా? ఈ సందేహం మీకు కలిగితే మీరు సరైన దారిలోనే ఆలోచిస్తున్నారు.

షార్ట్ ఎందుకు కాదు?

ఏకముఖ విద్యుత్తుకైతే టవరు మొత్తం ఒకే బిందువు వంటిది. రేడియో పౌనఃపున్యాల వద్ద అలా కాదు. టవరుపై స్థిర తరంగం ఏర్పడుతుంది. నేల వద్ద వోల్టేజి దాదాపు సున్నా, ప్రవాహం గరిష్ఠం. పైకి వెళ్లే కొద్దీ వోల్టేజి పెరుగుతుంది, ప్రవాహం తగ్గుతుంది.

అట్లతద్దికి చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలను గుర్తు చేసుకోండి. పీట దగ్గర తోస్తే తక్కువ బలంతోనే ఎక్కువ కదలిక వస్తుంది. కొమ్మకు దగ్గరగా తాడును పట్టి తోస్తే ఎంతో బలం కావాలి, కదలిక మాత్రం కొంచెమే. ఎక్కడ పట్టుకున్నా ఉయ్యాలకు శక్తి ఇవ్వవచ్చు, మారేది కదలికకూ బలానికీ ఉన్న నిష్పత్తి. మన టవరును తలకిందులైన ఉయ్యాల అనుకోండి. కొమ్మ స్థానంలో నేల, కదలిక స్థానంలో వోల్టేజి, బలం స్థానంలో ప్రవాహం ఉన్నాయి. వోల్టేజికీ ప్రవాహానికీ ఉన్న నిష్పత్తే అవరోధం. అందువల్ల కేబులుకు సరిపడే 50 ఓమ్‌ల నిరోధం దొరికే ఎత్తును వెతికి అక్కడ కలుపుతాం. దీన్నే షంట్ ఫీడ్ అంటారు. బెల్ ప్రయోగశాలలకు చెందిన మోరిసన్, స్మిత్ ఈ పద్ధతిపై 1937లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ స్మిత్, మీరు ప్రసార మార్గాల పాఠంలో చూసిన స్మిత్ చార్టు రూపకర్తే.

అమరిక

టవరుకు సుమారు అర మీటరు నుంచి ఒక మీటరు దూరంలో, దానికి సమాంతరంగా ఒక తీగను దించుతారు. తీగ పై కొసను ఎంచుకున్న ఎత్తులో టవరుకు బిగిస్తారు. కింది కొస నేలకు తగలకుండా ఇన్సులేటరుపై నిలుస్తుంది. కోయాక్సియల్ కేబులు లోపలి తీగ ఒక చర కెపాసిటర్ ద్వారా ఈ కింది కొసకు చేరుతుంది. కేబులు బయటి అల్లికను టవరు అడుగుకు కలుపుతారు.

కెపాసిటర్ ఎందుకు? తీగ, టవరు కలిసి ఒక చుట్టుగా ఏర్పడతాయి కాబట్టి అక్కడ ప్రేరక ప్రతిరోధం ఉంటుంది. దాన్ని రద్దు చేయడానికి అంతే విలువ గల కెపాసిటివ్ ప్రతిరోధం శ్రేణిలో పెట్టాలి. ఉదాహరణకు 1.83 మెగాహెర్ట్జ్ వద్ద ప్రేరక ప్రతిరోధం 250 ఓమ్‌లు అనుకుంటే, కావలసిన కెపాసిటీ సుమారు 348 పికోఫారడ్‌లు.

తీగను ఏ ఎత్తులో కలపాలో లెక్క కట్టి కచ్చితంగా చెప్పడం కష్టం. టవరు మందం, తీగ దూరం, పైనున్న యాగీ అన్నీ దాన్ని మారుస్తాయి. కాబట్టి ఎనలైజరుతో కొలవండి. నిరోధ భాగం 50 కంటే తక్కువైతే కలిపే చోటును పైకి జరపండి, ఎక్కువైతే కిందికి దించండి.

తలపై యాగీ చేసే మేలు

20 మీటర్ల టవరు ఒంటరిగా ఉంటే దాని వికిరణ నిరోధం 6 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. యాగీ ఒక కెపాసిటివ్ టోపీలా పనిచేసి, టవరు పైభాగంలో కూడా ప్రవాహం నిలిచేలా చేస్తుంది. ప్రవాహం అడుగు నుంచి తల వరకు పూర్తిగా సమానమైతే ఈ నిరోధం నాలుగు రెట్లు, అంటే సుమారు 23 ఓమ్‌లు అవుతుంది. వాస్తవ విలువ ఈ రెండింటి మధ్య ఉంటుంది. యాగీ బూమ్ టవరుకు విద్యుత్‌పరంగా కలిసి ఉండాలి. పైనుంచి వచ్చే కేబుళ్లు టవరును అంటిపెట్టుకుని నేల వరకు దిగి, ఆ తరువాతే పక్కకు వెళ్లాలి.

నేలే సగం యాంటెన్నా

నా మొదటి టవరుకు నాలుగు రేడియల్ తీగలు మాత్రమే పరిచాను. ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు ఒకటికి ఒకటి చూపింది. ఎంతో సంతోషించాను, కానీ రాత్రంతా పిలిచినా జవాబు లేదు. మరికొన్ని తీగలు పరిచాక మీటరు రీడింగు చెడిపోయింది. విచిత్రంగా, జవాబులు మాత్రం రావడం మొదలైంది. నేలలో వృథా నిరోధం తగ్గడంతో మొత్తం అవరోధం మారిందని అప్పుడు అర్థమైంది. తీగను కలిపే చోటు మార్చి మళ్లీ సరిచేశాను.

ఇందులోని సూత్రం సులభమే. దక్షత అంటే వికిరణ నిరోధాన్ని, వికిరణ నిరోధం, నేల నిరోధం రెండింటి మొత్తంతో భాగించగా వచ్చేది. వికిరణ నిరోధం 15 ఓమ్‌లు, నేల నిరోధం 30 ఓమ్‌లు అయితే 100 వాట్లలో 33 మాత్రమే గాలిలోకి వెళతాయి. నేల నిరోధం 5 ఓమ్‌లకు తగ్గితే 75 వాట్లు వెళతాయి. రెండు సందర్భాల్లోనూ మీటరును సున్నితంగా సర్దవచ్చు. కాబట్టి మీటరు చెప్పేది కేబులుకూ లోడుకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే. శక్తి ఎటు పోయిందో అది చెప్పదు. బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ కూడా 1937లోనే రేడియల్ తీగల ప్రాముఖ్యాన్ని ప్రయోగాలతో చూపారు. ప్రసార కేంద్రాల్లో 120 తీగలు పరచడం ఆ తరువాత పరిపాటి అయింది. ఇంటి పెరట్లో 120 సాధ్యం కాకపోవచ్చు, కానీ నాలుగుతో మాత్రం ఆగకండి.

జాగ్రత్తలు

టవరు ఎర్త్‌తో కలిసే ఉండటం ఈ పద్ధతిలోని పెద్ద సుగుణం. పిడుగు ప్రవాహానికి నేలలోకి దారి సిద్ధంగా ఉంటుంది. అయినా ఉరుముల వేళ కేబులును పరికరం నుంచి తీసేయండి. పై ఉదాహరణలో 100 వాట్లకే కెపాసిటరుపై శిఖర వోల్టేజి 500 వోల్టులు. కాబట్టి దాన్ని మూసిన పెట్టెలో ఉంచి, పిల్లలూ పశువులూ తీగను తాకకుండా కంచె కట్టండి. టవరు గానీ తీగ గానీ ఒరిగినా కరెంటు లైన్లపై పడనంత దూరం ఉండాలి. ఒంటరిగా, పూర్తి శరీర భద్రతా హార్నెస్ లేకుండా టవరు ఎక్కకండి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నేలకు కలిపిన టవరు రేడియో పౌనఃపున్యాల వద్ద ఎందుకు షార్ట్ కాదు?
2. వికిరణ నిరోధం 12 ఓమ్‌లు, నేల నిరోధం 12 ఓమ్‌లు అయితే దక్షత ఎంత? నేల నిరోధాన్ని 4 ఓమ్‌లకు తగ్గిస్తే ఎంత?
3. ఎస్‌డబ్ల్యుఆర్ బాగున్నంత మాత్రాన యాంటెన్నా మంచిదని ఎందుకు చెప్పలేం?

రెండో ప్రశ్నకు జవాబు: 50 శాతం, 75 శాతం. మిగిలిన రెండింటికి జవాబులు మీ సొంత మాటల్లో రాసి, పాఠంతో పోల్చి చూసుకోండి.